రోజీకి పొద్దున అన్నం పెట్టొద్దు

ఇంద్రేశం,
ఆదివారం మధ్యాహ్నం.

విజయక్కకు,

నీ చెల్లెలు పద్మ నమస్కారాలు. నువ్వూ బావగారూ పిల్లలూ ఎలా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి నిజంగా తగ్గిందా, నాతో ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రమే తగ్గుతోందా? నేను బాగానే ఉన్నాను. ఈ ఉత్తరం నిండా విసుగే కనిపిస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను, బాగానే ఉన్నాను. తింటున్నాను, నిద్ర పడుతోంది, జ్వరం గిరం ఏమీ లేదు. కంగారుపడి బావగారిని బస్సెక్కించకు.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటే అంటావు. ఫోన్లో నేను కుక్కల మాట ఎత్తగానే నువ్వు "నీకు ఆదివారాలు ఎక్కువయ్యాయే" అని నవ్వేసి అమ్మకిచ్చేస్తావు. కాగితం నోరు మూయించలేవు కదా. పైగా చివర్లో నిన్నొక మాట అడగాలి. నువ్వెప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతావు. పిల్లల ముందూ బావగారి ముందూ అడిగే మాట కాదది. వరసగా చదువు, చివరికి గెంతకు.

పని మామూలే. మాత్రల ఫ్యాక్టరీలో ప్యాకింగు. మిషన్ మీద అట్టలు కదిలి వస్తుంటాయి, ఏ గుంటలోనైనా మాత్ర పడకపోతే ఆ అట్ట తీసి పక్కన పడేయాలి. ఎనిమిది గంటలు నిలబడి ఇదే చూడటం. మన ఊళ్లో పొగాకు గ్రేడింగ్‌కి పోయినప్పుడు కింద కూర్చుని ఊరందరి కథలూ చెప్పుకుంటూ చేసేవాళ్లం. ఇక్కడ తలకు టోపీ, మూతికి గుడ్డ, నోరు విప్పితే సూపర్‌వైజర్ చూపు. పక్కన నిలబడే అమ్మాయిలు ఒడిశా వాళ్లు, బీహార్ వాళ్లు. నా హిందీ ఇప్పుడు దెబ్బలాడే దాకా వచ్చింది, మంచి మాటలు ఇంకా రాలేదు.

ఈ నెలంతా వానలు. మా ఇస్నాపూర్ సందులో బురద మడమ దాటింది. వాన వెలిసి గాలి ఇటు తిరిగిందంటే కంపెనీల వాసన గదిలోకి వస్తుంది. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే కంపు. జొన్నరొట్టె తినడం అలవాటైంది. చేయడం మాత్రం రాలేదు, నా రొట్టె చూసి మా ఓనరమ్మ రూతమ్మ గారు నవ్వాపుకోలేకపోయింది. గోంగూర పచ్చడి అడుగంటింది. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక సీసా పంపు, నూనె ఎక్కువ పోయించు.

మా ఆయన పోయాక నాకు పనిరోజులంటే భయం లేదక్కా, ఆదివారమంటేనే భయం. ఇక్కడికొచ్చిన కొత్తలో ఆదివారం పొద్దున్నే లేచి, ఉతికిన బట్టలే మళ్లీ ఉతికేదాన్ని. రూతమ్మ గారు చర్చికి పోతూ కిటికీలోంచి చూసి, "ఏం బిడ్డా, గీ బట్టల్ని సంపుతవా ఏంది?" అనేది. ఆవిడకు అరవై దగ్గర. ఇంటి ముందు భాగంలో తను, కొడుకు శామ్యూల్, కోడలు ఉంటారు. వెనక గది నాది. ఆదివారం కోడికూర వండితే నా కిటికీ గట్టు మీద ఒక గిన్నె మూతపెట్టి ఉండాల్సిందే.

ఆ ఇంట్లోనే రోజీ ఉంది. ఎర్ర కుక్క, ఒక చెవి వాలిపోయి ఉంటుంది. సందులో పుట్టి వీళ్లింట్లో పెరిగింది. నేను వచ్చాక రెండుసార్లు ఈనింది. మొదటి ఈతలో నాలుగు పిల్లలు, రెండో ఈతలో ఆరు. మా సందు చివరే లారీల రోడ్డు. నడక రాగానే పిల్లలు అటే పరిగెత్తాయి. ఎవరికో ఇచ్చిన రెండు తప్ప ఒక్కటీ మిగల్లేదు. శామ్యూల్ కంపెనీ బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగి వస్తూ వాటిని రోడ్డు మీంచి ఏరి గోనెసంచిలో తెచ్చేవాడు. ఆఖరి పిల్లను పూడ్చిన రోజు వాళ్లమ్మతో ఖచ్చితంగా చెప్పేశాడు. "ఇంగొక్కపారి ఈనిందనుకో, దీన్ని బస్సుల ఏసుకపోయి జహీరాబాద్ దిక్కు ఇడిసిపెట్టొస్త. నాతోని గాదు ఇగ." పాపం, వాడు చెడ్డవాడు కాదక్కా. వాడి మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

అప్పుడే ఈ క్యాంపు సంగతి తెలిసింది. నెలకొక ఆదివారం ఇంద్రేశంలో పెడతారు, కుక్కలకూ పిల్లులకూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారు. ప్లాట్లు అమ్మినవాళ్లు ఖాళీ చేసి వదిలేసిన రేకుల ఆఫీసు గది ఒకటుంది, అదే ఆసుపత్రి. కిష్టారెడ్డిపేట అపార్టుమెంట్లలో ఉండే శ్రీలత అనే టీచరు నడిపిస్తుంది. ఒక డాక్టరమ్మ తన సెలవు రోజు మానుకుని వస్తుంది. మిగతా వాళ్లంతా నాబోటి వాళ్లే, జీతం లేని వాళ్లు. రోజుకు పన్నెండు జీవాలకే చేయగలరు, అందుకే ముందే పేరు రాయించుకోవాలి. రోజీ పేరు రాయిద్దామని వెళ్లాను. నాకు తెలుగు రాయడం, హిందీ దెబ్బలాడటం వచ్చని చూసి కాగితాల బల్ల దగ్గర కూర్చోబెట్టేశారు. ఆరు నెలలయింది, ఇంకా లేవలేదు.

నా పని ఏమిటంటే, శనివారం సాయంత్రం పన్నెండు ఇళ్లకూ ఫోన్ చేసి, "రాత్రి అన్నమే ఆఖరు. పొద్దున ఏమీ పెట్టకండి" అని చెప్పాలి. ఎందుకంటే మత్తు సూది వేయగానే కడుపులో ఉన్నది పైకి వస్తుంది, అది ఊపిరి గొట్టంలోకి పోతే జీవం దక్కదు. ఇందులో అర్థం కానిదేముంది చెప్పు? అందరూ "సరే మేడం" అంటారు. పొద్దున బల్ల దగ్గరికొచ్చి, "ఏం పెట్టలే మేడం. ఉత్త పాలే" అంటారు. ఒకాయన ప్రమాణం చేసి మరీ, "గంతే మేడం, రెండంటే రెండు బన్నులు" అన్నాడు. ఇంకొకాయన మగకుక్కను చూపించి, "దీనికేం అవుసరం మేడం? ఇది పోయి ఎవరింట్లనో జేస్తది, ఈనేది వాళ్లింట్ల. మనకేం లొల్లి?" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వేపకాయంత వెర్రి అందరికీ ఉంటుందంటారు, ఇక్కడ గుమ్మడికాయంత ఉంది.

ఇవన్నీ ఓర్చుకున్నాను. కానీ మా సందు నల్లా దగ్గర ఒకావిడ నలుగురిలో అన్నది, "నీకైతే పిల్లల్లేరు. గందుకేనా కుక్కలకు గూడ లేకుంట జేస్తున్నవ్?" అని. బిందె సగమే నిండింది, అలాగే ఎత్తుకుని వచ్చేశాను. గదిలోకి వచ్చి ఏడ్చాను. ఇది అమ్మకు చదివి వినిపించకు.

సరే, ముందు రాయించుకున్నవాళ్లందరూ అయ్యాక పోయిన నెల రోజీ వంతు వచ్చింది. రూతమ్మకు ఫోన్ చేయాల్సిన పని కూడా లేదు, గోడకవతలే కదా. శుక్రవారం చెప్పాను, శనివారం పొద్దున చెప్పాను, సాయంత్రం చెప్పాను. "గట్లనే బిడ్డా, గట్లనే" అంది ప్రతిసారీ. ఆదివారం ఆటోలో ముగ్గురం వచ్చాం. డాక్టరమ్మ మత్తుకు ముందు ఇచ్చే సూది వేసింది. రెండు నిమిషాలు కాలేదు, రోజీ నేల మీదంతా కక్కేసింది. పెరుగన్నం. అందులో కోడికూర ముక్కలు. ఎప్పుడూ చర్చి నుంచి వచ్చాక వండే ఆవిడ, ఆ రోజు తెల్లవారకముందే లేచి కుక్క కోసం కోడికూర వండిందక్కా!

డాక్టరమ్మ చేయి కడుక్కుని, "ఈ రోజు కాదు" అని తర్వాతి దాన్ని పిలిచింది. మళ్లీ నెల దాకా లేదు. ఈలోపు రోజీకి కడుపొస్తే శామ్యూల్ అన్నంత పనీ చేస్తాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్ని నెలలుగా పాలవాళ్ల మీదా బన్నులవాళ్ల మీదా మింగుకున్న కోపమంతా ఆ ఒక్క మనిషి మీదకి వచ్చింది. "ఎన్నిసార్లు చెప్పానాంటీ మీకు? గోడ పక్కనుంచి చెప్పాను. చచ్చిపోతే ఎవరు సమాధానం చెప్పాలి? మీలాంటి వాళ్ల కోసం ఆదివారాలు పాడుచేసుకోవడం మాదే బుద్ధితక్కువ!" అని అందరి ముందూ అరిచాను. ఆవిడ చర్చికి కట్టుకునే తెల్లచీర కొంగుతో రోజీ మూతి తుడిచి, దాన్ని ఎత్తుకుని బయటికి వెళ్లి ఆటోలో కూర్చుంది.

ఆ తర్వాత పదిరోజులు మా మధ్య మాటల్లేవు. కిటికీ గట్టు మీద గిన్నె కూడా లేదు. నాదే న్యాయమని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. న్యాయం మనదైనా కూర ఉండదని అప్పుడు తెలిసింది.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆవిడ మెట్ల మీద చాటలో బియ్యం ఏరుతోంది. రోజీ తాడుతో స్తంభానికి కట్టి ఉంది. నేను తలొంచుకుని పోతుంటే పిలిచింది.

"జెర కూసో పద్మా. నేను ఎర్రిదాన్ననుకున్నవా? నువ్వు చెప్పింది నాకు సమజ్ గాలేదనుకున్నవా? అంత సమజైంది. అయినా పెట్టిన."

"ఎందుకాంటీ మరి?"

ఆవిడ బియ్యంలోంచి తల ఎత్తలేదు. "శామ్యూల్ తర్వాత పిల్ల పుట్టింది నాకు. పిల్లకు మూడో నెల. ఇగ సాలు, ఆపరేషన్ జేయించుకో అన్నరు. బడిల క్యాంపు పెట్టిన్రు. పొద్దుగాల ఏం తినద్దన్నరు, నీళ్లు గూడ వద్దన్నరు. ఏడింటికే పోయి వరుసల కూసున్నం. డాక్టరు ఎప్పుడొస్తడో ఎవ్వరికీ ఎర్కలేదు. పొద్దు వాలింది. సంకల పిల్ల, పాలకు గుంజుతున్నది. నా కడుపుల ఏముందని దానికి వస్తయి బిడ్డా? అది ఏడుస్తున్నది, నాకు కండ్లు తిరుగుతున్నయి."

ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "కోసింది నాకు యాదికి లేదు. కుట్లు యాదికి లేవు. ముప్పై ఏండ్లు దాటె, గా ఆకలి యాదికున్నది. నేను మనిషిని, నోరున్నది, అడగొచ్చు. సిగ్గుకు అడగలే. మరి గిదో? దీన్ని ఖాళీ కడుపుతోని కత్తి కిందికి నేనెట్ల తోల్త?"

మత్తు గురించి, ఊపిరి గొట్టం గురించి మళ్లీ చెప్పాను, ఈసారి మెల్లగా. అంతా విని ఆవిడ ఒక్క ప్రశ్న వేసింది. "పెట్టద్దు పెట్టద్దు అని మూడుపార్లు చెప్పినవ్. మల్ల ఎప్పుడు పెట్టాల్నో ఒక్కపారన్న చెప్పినవా?"

లేదక్కా. ఆరు నెలల్లో ఏ ఇంటికీ చెప్పలేదు. ఫోన్లో చెప్పమని నాకిచ్చిన కాగితంలోనే ఆ మాట లేదు.

మరుసటి రోజే శ్రీలత గారికి ఫోన్ చేశాను. పన్నెండింటినీ ఏడింటికే రమ్మంటున్నాం, ఆఖరిదాని వంతు వచ్చేసరికి రెండవుతోంది, అంతసేపు కడుపు మాడ్చడం ఎందుకు, ఆరు జీవాల్ని ఏడుకీ మిగతా ఆరింటిని పదకొండుకీ పిలుద్దామన్నాను. "పద్మ గారూ, డాక్టర్ గారు ఎప్పుడొస్తారో నాకే తెలీదు. ఉన్నది నలుగురం. ఉన్న పద్ధతి చెడగొట్టొద్దు" అంది. ఆవిడ అలసట ఆవిడది. నేనూ వదల్లేదు, మూడుసార్లు ఫోన్ చేశాను. చివరికి విసిగిపోయి సరే అంది. తీరా ఇవాళ చూద్దును కదా, పదకొండుకు రమ్మన్నవాళ్లు కూడా ఏడింటికే వచ్చి నిలబడ్డారు, ఎక్కడ వంతు పోతుందోనని! ఎవరికని చెప్పుకోను? పైగా డాక్టరమ్మ వానలో ఇరుక్కుని తొమ్మిదిన్నరకు వచ్చింది.

ఈ నెల రోజులూ రోజీని కాపాడటం ఒక యుద్ధం. మగకుక్కలు గేటు ముందు పడిగాపులు. నేను డ్యూటీకి పోతే రూతమ్మ, రూతమ్మ చర్చికి పోతే నేను. శామ్యూల్ కూడా గేటు కింద సందుకు రేకు బిగించాడు, మాతో మాట్లాడకుండానే.

ఇవాళ పొద్దున ఆరింటికి తలుపు తీస్తే వంటింట్లోంచి ఏ వాసనా లేదు. రోజీ గిన్నె బోర్లించి ఉంది. దాని పక్కనే రూతమ్మ నేల మీద కూర్చుని ఉంది. చర్చికి పోలేదు. "టీ తాగారా ఆంటీ?" అన్నాను.

"లేదు. ఇయ్యాల నాకు ఉపాస ప్రార్థన."

"ఆదివారం ఉపవాసమేంటి ఆంటీ? మీది శుక్రవారం కదా?"

"గిది ఉపాసముండంగ నేనెట్ల తింట బిడ్డా? ఇద్దరం ఉంటం." అని మూటకట్టిన టిఫిన్ డబ్బా ఒకటి నా చేతిలో పెట్టింది. "పెరుగన్నం. నా దగ్గరుంటే పెట్టేస్త. నీ దగ్గర పెట్టుకో, నేనడిగినా ఇయ్యకు."

నిజం చెప్పాలంటే నేను బండి దగ్గర మూడిడ్లీలు తిని వచ్చాను. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆటోలో కూర్చుంటే ఆ ఇడ్లీలు గొంతులోనే ఉన్నట్టనిపించాయి. ఇక్కడికి రాగానే పట్టీలో మొదటి పేరు రోజీ అని రాశాను. పక్షపాతమే, ఒప్పుకుంటున్నాను. ఆరు నెలల చాకిరీకి ఆ మాత్రం చేసుకోకూడదా?

ఆపరేషన్ బాగా జరిగిందక్కా. కక్కలేదు. ఇప్పుడు గోడవార గోనెపట్టా మీద పడుకుని ఉంది, పొట్టకు కట్టుతో. వాలిన చెవి అప్పుడప్పుడూ కదులుతోంది. మిగతావాటి వంతులు నడుస్తున్నాయి, నా బల్ల ఖాళీగా ఉంది, మిగిలిన ఫారాల వెనకే ఇది రాస్తున్నాను. డబ్బా నా మోచేతి పక్కనే ఉంది.

రోజీ కళ్లు తెరవగానే రూతమ్మ వచ్చి, "ఇప్పుడు పెట్టొచ్చా?" అని అడిగింది. నేనే లేచి డాక్టరమ్మను అడిగాను. పూర్తిగా తెలివి వచ్చాక, ఐదు గంటలకు, నాలుగు ముద్దలే అంది. రూతమ్మ తల ఊపింది. "మీరైనా తినండి ఆంటీ, మీకేం మత్తివ్వలేదు కదా" అని డబ్బా ఇవ్వబోయాను. చేత్తో వెనక్కి నెట్టేసింది. "ఐదింటికి. ఇద్దరం తింటం." ఇప్పుడు నాలుగు దాటింది. రోజీ తల ఒళ్లో పెట్టుకుని ఆ గోడకే జేరబడి కూర్చుంది, పెదాలు ఎండిపోయాయి.

ఆవిడ అలా గోడకు జేరబడి ఉండటం చూస్తుంటే నువ్వే గుర్తొస్తున్నావు. అందుకే ఈ ఉత్తరం.

చిన్నవాడు పుట్టాక నువ్వు ఆపరేషన్ క్యాంపుకు వెళ్లిన రోజు. పొద్దున చీకటితో వెళ్లావు. ఇంట్లో ఇద్దరు పిల్లల్నీ నేనే చూశాను, చిన్నవాడు రోజంతా ఏడుస్తూనే ఉన్నాడు. దీపాల వేళకు నిన్ను ఆటోలో తీసుకొచ్చారు. అమ్మ కుట్ల గురించి అడిగింది, మీ అత్తగారు నొప్పి గురించి అడిగింది, పక్కింటి వాళ్లు ఎంతమందికి చేశారని అడిగారు. నువ్వు గోడకు జేరబడి నా వైపు చూసి, "ఏమైనా ఉందా పద్మా?" అన్నావు. నేను పాల కోసమనుకుని చిన్నవాణ్ని నీ ఒళ్లో పెట్టేశాను. నాకు చేతులు లాగుతున్నాయి, ఎప్పుడు దించుకుందామా అని ఉన్నాను.

నువ్వు అడిగింది అన్నమేనా అక్కా? ఆ రోజు నువ్వు ఎన్నింటికి తిన్నావు? నీకెవరు పెట్టారు? ఎంత తలకొట్టుకున్నా నేను పెట్టినట్టు గుర్తు రావడం లేదు. ఈ ఒక్కటీ నాకు రాయి. తిట్టాలనుకుంటే తిట్టి మరీ రాయి. ఫోన్లో మాత్రం వద్దు.

అమ్మకూ మీ అత్తగారికీ నా దండాలు, వాళ్ల దీవెన ఎప్పటిలాగే నా మీద ఉండాలని చెప్పు. బావగారికి నమస్కారాలు. పిల్లలకు ముద్దులు, చిన్నవాడికి ఒకటి ఎక్కువ. గోంగూర పచ్చడి మర్చిపోకు. నేను బాగానే ఉన్నాను.

రోజీ తల ఎత్తింది. ఐదవుతోంది, రూతమ్మ ఇటే చూస్తోంది. డబ్బా మూత తీయాలి.

నీ చెల్లెలు,
పద్మ